లెట్ అంటే అడ్డు

కొత్తగా ఇంగ్లీషు పాఠాలు చెప్పడానికి వెళ్తున్నవాళ్ళు నన్ను చూడవస్తే తరచూ ఒకే మాట అడుగుతారు. "నాలుగొందల ఏళ్ళనాటి ఆ నాటకాలూ, వాడుకలో లేని ఆ మాటలూ మన పిల్లలకి ఎలా చెప్పాలండి? అసలు ఎందుకు చెప్పాలండి?" అని. ఎందుకు అన్నదానికి నా దగ్గర గొప్ప జవాబు లేదు. సిలబస్‌లో ఉంది, చెప్పాం. ఎలా అన్నదానికి మాత్రం కొంత ఉంది.

నేను నరసాపురంలో ఒక డిగ్రీ కాలేజీలో ఉద్యోగం మొదలుపెట్టి అక్కడే ముగించాను. ఇంక్రిమెంట్లు, ప్రమోషన్లు ఇక్కడ రాయను. అవి అందరికీ ఒకలాగే వస్తాయి, ఒకలాగే ఆలస్యమవుతాయి. ఒక చిన్న మాట గురించి, దాని వల్ల తొంభైల్లో ఒక వేసవిలో నేను పడ్డ భయం గురించి, ఆ భయం తీరిన తీరు గురించి రాస్తాను. ఈ ఉద్యోగం అసలు ఏమిటో నాకు ఆ వేసవిలోనే తెలిసింది.

పడవలో నేర్చుకున్న పాఠం

మొదటి రెండు మూడేళ్ళు నాకు ఎలా చెప్పారో నేనూ అలాగే చెప్పాను. బోర్డు మీద పాత మాట, పక్కన దాని అర్థం. పిల్లలు ఎక్కించుకునేవాళ్ళు. 'దౌ' అంటే నువ్వు, 'యూ' అన్నా నువ్వే. అంతటితో అయిపోయేది. అది పాఠం కాదు, ఎత్తిరాత.

ఒక ఆదివారం సఖినేటిపల్లి వైపు వెళ్ళడానికి రేవులో పడవెక్కాను. నా ఎదురుగా ఒక పెద్దావిడ, ఆవిడ కూతురు, అల్లుడు కూర్చున్నారు. ఏదో పెళ్ళికి వెళ్తున్నారు. ఆవిడ అల్లుణ్ణి "ఇలా నీడలోకి జరగండి, ఎండ కొడుతోంది మీకు" అంటూ ఎంతో మన్ననగా మాట్లాడుతోంది. ఆ అబ్బాయి దేనికో విసుక్కుని భార్యను అందరి ముందూ ఒక చెడ్డ మాట అన్నాడు. పెద్దావిడ అల్లుడి వైపు తిరిగింది. తరువాత చాలా నెమ్మదిగా అంది.

"నువ్వేం మనిషివయ్యా?"

అరవలేదు, తిట్టలేదు. మీరు అనే నోట నువ్వు అని వచ్చింది, అంతే. పడవలో మాటలన్నీ ఆగిపోయాయి. అల్లుడు తల వంచుకున్నాడు.

నాకు వెంటనే తట్టింది. మా పాఠంలో మంత్రి రాజుతో మాట్లాడుతూ ఉన్నట్టుండి మన మీరు లాంటి 'యూ' వదిలి, నువ్వు లాంటి 'దౌ' అందుకునే చోటు ఒకటుంది. ఏటేటా దాన్ని నేను దాటేసి పోతున్నాను. ఇప్పటి ఇంగ్లీషులో ఆ తేడా మిగల్లేదు కాబట్టి ఇంగ్లీషు మీడియంలో చదివినవాళ్ళకి అది పట్టదు. తెలుగు మీడియం పిల్లలకి పుట్టుకతోనే తెలుసు. తెలుసని మనమే వాళ్ళకి చెప్పం.

మర్నాడు క్లాసులో పడవ సంగతి చెప్పి, ఆ తరువాత మంత్రి మాట చదివాను. క్లాసంతా "అమ్మో" అంది. నాటకం చెబుతుంటే పిల్లల నోట ఆ మాట రావడం నా ఉద్యోగంలో అదే మొదటిసారి.

అప్పటినుంచి పాత మాటలకి అర్థం చెప్పేముందు మన ఊళ్ళో దానికి చుట్టం ఎవరా అని వెతకడం అలవాటు చేసుకున్నాను. మాటల అర్థాలు కాలంతో జరుగుతాయని చెప్పాలంటే మన చీర చాలు. వనవాసానికి వెళ్ళిన రాజులు నారచీరలు కట్టుకున్నారని హరికథల్లో వింటాం. అప్పట్లో చీర అంటే గుడ్డ, ఎవరైనా కట్టుకోవచ్చు. పాత పద్యాల్లో కంపు అంటే పరిమళం. ఇవాళ ఎవరినైనా నీ జడలో పూలు కంపు కొడుతున్నాయని అని చూడండి. ఇంగ్లీషులో 'ప్రెజెంట్లీ' అంటే ఒకప్పుడు తక్షణం అని అర్థం. మెల్లమెల్లగా కాసేపాగి అనే అర్థానికి జారింది. ఎందుకు జారిందో మా పిల్లలకి వివరించనక్కర్లేదు. పడవవాడు "ఇప్పుడే బయల్దేరుతుందండి" అంటే ఎంతసేపు కూర్చోవాలో వాళ్ళకి తెలుసు.

గైడు ఒకటి చెప్పింది, నేను ఒకటి చెప్పాను

ఆ రోజుల్లో స్పెషల్ ఇంగ్లీషు తీసుకున్నవాళ్ళలో కృపావతి అనే అమ్మాయి ఉండేది. లూథరన్ చర్చి వెనక సందులో ఇల్లు. తల్లి మార్తమ్మ లేసు అల్లి పిల్లను చదివించింది. కృపావతి ఎక్కువ మాట్లాడదు, మాట్లాడితే మాత్రం మనం ఆగి ఆలోచించాలి. 'దౌ' పాఠం చెప్పిన రోజున చెయ్యెత్తింది.

"మేడమండి, ప్రార్థనలో దేవుణ్ణి మేము నీవు అంటామండి. అది కోపం కాదు కదండి."

"కాదు. మరేంటి?"

"దగ్గరండి," అంది.

ఆ ఒక్క మాటతో పాఠం పూర్తయింది.

ఆ ఏడాది నాటకంలో ఒక ఘట్టం ఉంది. ఒకావిడ సముద్రపు ఒడ్డున ఓడ కోసం ఎదురుచూస్తుంటుంది. గాలివాన వల్ల, శత్రువుల వల్ల ప్రయాణం పదే పదే ఆగిపోతుంది. చివరికి సేవకుడు పరుగెత్తుకుంటూ వచ్చి, ఇక మనల్ని 'లెట్' చేసేది ఏదీ లేదమ్మా అంటాడు. ఆ మాటతో అంకం ముగుస్తుంది.

ఇప్పటి ఇంగ్లీషులో 'లెట్' అంటే పోనివ్వడం. ఆ కాలంలో అదే రూపంలో ఇంకో మాట ఉండేది, దానికి అడ్డుకోవడం అని అర్థం. రెండూ వేరు వేరు మాటలు. అరుగు మీద కూర్చుంటే తిన్నది అరుగుతుంది అన్నప్పుడు రెండు అరుగులూ ఒకటి కానట్టే. కాబట్టి సేవకుడు తెచ్చింది మంచి కబురు. అడ్డు ఏదీ లేదు, బయల్దేరవచ్చు. ఆవిడ గుండెల మీంచి బరువు దిగిపోతుంది. నేను అలాగే చెప్పాను.

బజార్లో అమ్మే గైడులో మాత్రం 'లెట్' అంటే అనుమతి అని రాసి ఉంది. అంటే పోనిచ్చేవాళ్ళు ఎవరూ లేరు, ఆవిడ కుమిలిపోయింది. అర్థం పూర్తిగా తలకిందులైంది. గైడు రాసినవాళ్ళని నేను ఊరికే తిట్టను. అవి లేకపోతే చాలామంది పిల్లలు గట్టెక్కరు. కానీ గైడు రాసేవాడు నాటకం చదివి రాయాలి. ఆ పెద్దమనిషి సేవకుడు ఎందుకు పరుగెత్తుకొచ్చాడో కూడా ఆలోచించలేదు.

ఏప్రిల్ పరీక్షలో సరిగ్గా ఆ మాటే వచ్చింది. సందర్భ వ్యాఖ్యకి ఆ వాక్యం, వ్యాసానికి ఆ ఘట్టంలో ఆవిడ మనఃస్థితి. బయటికి రాగానే పిల్లలు జవాబులు పోల్చుకున్నారు. మా వాళ్ళలో కొందరు కూడా పరీక్ష భయంతో గైడులోదే రాశారు. కృపావతి నేను చెప్పింది రాసింది. మిగతావాళ్ళు దాన్ని చూసి జాలిపడ్డారట.

రెండు రోజుల తరువాత మార్తమ్మ మా ఇంటికి వచ్చింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"మేడంగారండి, గైడులో వేరే ఉందంటున్నారండి అందరూ. మా పిల్ల తప్పు రాసేసిందా అండి?"

"లేదమ్మా. మీ అమ్మాయి రాసిందే సరైనది."

"దిద్దేవాళ్ళకి కూడా అది తెలుసాండి?"

నేను కుర్చీ ఇంకాస్త ఆవిడ వైపు జరిపాను.

"బీఈడీ ఎంట్రన్సు బాగా రాసిందండి. డిగ్రీ పాసైతే సీటొచ్చేస్తుందంటున్నారు. ఈ పేపరొక్కటే దానికి కష్టమండి. మీరేం చెబితే అదే వేదమండి దానికి," అంది మార్తమ్మ.

నన్ను నిందించలేదు. నిందించి ఉంటే తేలిగ్గా ఉండేది. ఆవిడ వెళ్ళాక పెద్ద నిఘంటువు తీసి ఆ మాట మళ్ళీ చూశాను. నేను చెప్పినట్టే ఉంది. అయినా లోపల ఒక పురుగు తొలుస్తూనే ఉంది. ఊరంతా ఒకటి అంటుంటే ఒక్కరే ఇంకోటి అన్నప్పుడు నిఘంటువు కూడా పూర్తి ధైర్యం ఇవ్వదు.

రాజమండ్రి ఎండలో

మే నెలలో రాజమండ్రిలో ఒక కాలేజీలో జరిగే వాల్యుయేషన్ క్యాంపుకి నాకు పిలుపు వచ్చింది. క్యాంపు తెలియని కొత్తవాళ్ళకి చెబుతున్నాను. పొడుగాటి హాలు, తిరుగుతున్నట్టు కనిపించే ఫ్యాన్లు, బల్లల మీద జవాబు పత్రాల కట్టలు. ఏ కట్ట ఏ ఊరిదో మనకి తెలియదు, మన పిల్లలవి మన దగ్గరకి రావు. ప్రతి బల్ల మీదా ఒక కీ ఉంటుంది. ఏ ప్రశ్నకి ఏం రాస్తే ఎన్ని మార్కులో అందులో ఉంటుంది.

కీ తెరవగానే ముందు ఆ ప్రశ్నే వెతికాను. 'లెట్' అంటే అనుమతి. ఆవిడ మనఃస్థితి, నిరాశ. వేరే అర్థం రాస్తే సున్నా. అక్షరం పొల్లు పోకుండా గైడులోని మాటలే.

మా చీఫ్ ఎగ్జామినర్ వీరభద్రరావు గారు. ఆయన పేరు చెబితే జూనియర్లు కుర్చీల్లో సర్దుకుని కూర్చునేవాళ్ళు. పనిలో నిక్కచ్చి మనిషి. ఆయన దగ్గరకి వెళ్ళి చెప్పాను.

"సర్, ఇక్కడ లెట్ అంటే అడ్డు అండి. కీలో పొరపాటు ఉన్నట్టుంది."

ఆయన తలెత్తకుండానే తన జేబు నిఘంటువు నా వైపు తోశారు. అందులో 'లెట్' అంటే అనుమతించు అనే ఉంది. అంత చిన్న పుస్తకంలో పాత అర్థం ఎందుకుంటుంది?

"చూశారుగా అమ్మా. పైగా కీ అంటే కీ. ఎవరికి తోచినట్టు వాళ్ళు దిద్దుకుంటూ పోతే ఈ హాల్లో ఒక్క కట్టయినా తెమలదు. వెళ్ళి దిద్దండి."

ఆ కాలేజీ లైబ్రరీకి వెళ్ళాను. సెలవులు కాబట్టి తాళం వేసి ఉంది. తిరిగొచ్చి కూర్చుని మొదటి కట్ట విప్పాను. ఆ రెండు ప్రశ్నలూ వదిలేసి మిగతావి దిద్దుతూ పోయాను. పూర్తికాని పత్రాలు నా బల్ల మీద పేరుకుపోతున్నాయి. పక్క బల్ల ఆయన చూసి, "ఏంటండి మేడం, కోడిగుడ్లు పొదుగుతున్నారా?" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఏడుపు రాకుండా.

మధ్యాహ్నం విప్పిన కట్టలో ఒక పత్రంలో 'లెట్' అంటే ఆటంకం అని రాసి ఉంది. తరువాతి దాంట్లోనూ అదే. ఆ పై దాంట్లోనూ అదే. ఒక్కొక్కరు ఒక్కొక్క రకంగా, తమ సొంత ఇంగ్లీషులో, తప్పులతో, ఆవిడ ఊపిరి పీల్చుకుందని రాశారు. అది ఏ ఊరి కాలేజీయో నాకు తెలియదు. అక్కడ కూడా ఎవరో ఒక టీచరు గైడుని కాదని పిల్లలకి సరైన అర్థం చెప్పారు. వాళ్ళ ముఖం నేను ఎన్నడూ చూడలేదు. కానీ ఆ పూట నాకు తోడు దొరికినట్టయింది. లోపలి పురుగు అప్పుడు చచ్చింది. ఇంక వెనక్కి తగ్గకూడదనుకున్నాను.

కోర్టులోకి వచ్చిన కుక్క

సాయంత్రం ఎండ చల్లారాక మేం బస చేసిన హాస్టల్ వెనక ఖాళీ స్థలంలో మగవాళ్ళు షటిల్ ఆడేవాళ్ళు. వీరభద్రరావు గారు పంచె తీసేసి ప్యాంటు వేసుకుని వచ్చేవారు. ఆటలో మనిషి వేరు. పాయింటు పోతే చిన్నపిల్లాడిలా వాదించేవారు.

ఆ సాయంత్రం నేను వరండాలో టీ గ్లాసు పట్టుకుని నిలబడ్డాను. ఆట మంచి పట్టు మీద ఉంది. వీరభద్రరావు గారు కొట్టబోతుండగా ఒక ఊరకుక్క కోర్టుకి అడ్డంగా పరుగెత్తింది. షటిల్ ఆయన పక్కనే పడిపోయింది. అవతలివాళ్ళు పాయింటు మాదే అని చేతులెత్తారు.

"లెట్! లెట్!" అని ఆయన రాకెట్ ఊపుతూ అరిచారు. "కుక్క అడ్డం వచ్చిందయ్యా! లెట్! మళ్ళీ వెయ్యాలి!"

గ్లాసు అక్కడే గట్టు మీద పెట్టి కోర్టు దగ్గరకి నడిచాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ తెగువ నాకెక్కడి నుంచి వచ్చిందో తెలియదు.

"సర్, లెట్ అన్నారు కదండి. అంటే ఏంటండి?"

ఆయన చెమట తుడుచుకుంటూ చిరాగ్గా చూశారు. "అంటే ఏంటేంటమ్మా? ఆటకి అడ్డం వచ్చింది కాబట్టి ఆ పాయింటు లెక్కలోకి రాదు. షటిల్ ఆడే ప్రతివాడికీ తెలుసు."

"అనుమతి అని కాదు కదండి?"

"కుక్కకి అనుమతేంటమ్మా?"

అవతలి జట్టులో ఒకాయన పక్కున నవ్వి, వెంటనే నోరు మూసుకున్నారు. వీరభద్రరావు గారు నవ్వలేదు. రాకెట్ కిందికి దించి, నా ముఖం కేసి, కుక్క పోయిన వైపు, మళ్ళీ నా ముఖం కేసి చూశారు.

"అదే మాటా?" అన్నారు మెల్లగా.

"అదే మాటండి. భాషలో మిగతా చోట్ల పోయింది, ఆటలో మిగిలిపోయింది."

ఆయన రాకెట్ పక్కవాళ్ళకిచ్చేసి లోపలికి వెళ్ళిపోయారు. ఆట చెడగొట్టానని అందరూ నన్నే చూశారు. ఆయనకి కోపం వచ్చిందనే అనుకున్నాను. రేపు నన్ను క్యాంపు నుంచి పంపేస్తారేమో, కాలేజీకి ఏమని రాస్తారో అని భయపడ్డాను.

ఆయన చేసిన పని

మర్నాడు పొద్దున ఆయన అందరికంటే ముందే హాల్లో ఉన్నారు. ఊళ్ళోనే దానవాయిపేటలో ఉన్న తన ఇంటి నుంచి రిక్షాలో ఒక లావాటి నిఘంటువు తెచ్చుకున్నారు. మేమంతా కూర్చున్నాక లేచి నిలబడ్డారు.

"కీలో తప్పుంది. రాసింది ఎవరైనా, చూసి సంతకం పెట్టింది నేను. కాబట్టి తప్పు నాది. నిన్న దిద్దిన కట్టలన్నీ మళ్ళీ విప్పాలి. అడ్డు అని రాసినవాళ్ళకి పూర్తి మార్కులు. అనుమతి అని రాసిన పిల్లలు గైడుని నమ్మారు, మనం కూడా నమ్మాం. కాబట్టి వాళ్ళకి సున్నా వద్దు, మిగతా జవాబు చూసి మార్కులివ్వండి."

హాలంతా గొల్లుమంది. సీలు వేసిన కట్టలు విప్పడమంటే మాటలు కాదు. ఒక పెద్దాయన లేచి, "ఒక్క మాట కోసం ఇంతమందిని బాధపెట్టాలా సర్?" అన్నారు.

"ఆ ఒక్క మాట కోసమేనండి వాళ్ళు పరీక్ష రాసింది," అన్నారు వీరభద్రరావు గారు.

తరువాత నా బల్ల దగ్గర ఆగి, "మీరు వదిలేసినవి ఇప్పుడు దిద్దుకోండమ్మా. మీకొక్కరికే పని తక్కువ," అన్నారు. ఆయన నవ్వడం క్యాంపులో అప్పుడే చూశాను.

నా ఉద్యోగంలో ఎందరో పైవాళ్ళ కింద పనిచేశాను. మెత్తనివాళ్ళు, మంచివాళ్ళు, మన పెళ్ళిళ్ళకి వచ్చి అక్షింతలు వేసేవాళ్ళు. వాళ్ళలో చాలామంది తప్పు చూపిస్తే దాన్ని కాగితాల కింద కప్పేవారు. వీరభద్రరావు గారిని చూసి నేను ఎప్పుడూ వణికేదాన్ని, కానీ తప్పు తనదని నిండు హాల్లో చెప్పగలిగింది ఆయనొక్కరే. కొత్తవాళ్ళకి నా మాట ఒకటే. కరుకుతనాన్ని చూసి మనిషిని అంచనా వెయ్యకండి. నిదర్శనం చూపించాక ఏం చేస్తారో చూడండి.

వరండాలో

క్యాంపు అయ్యాక కృపావతికి నేనేమీ చెప్పలేదు. దాని పత్రం ఏ బల్ల మీద పడిందో, ఎవరు ఎలా దిద్దారో నాకేం తెలుసు? అనవసరంగా ఆశ పెట్టడం ఇష్టం లేకపోయింది. ఫలితాలు వచ్చేదాకా చర్చి వెనక సందు వైపు వెళ్ళాల్సిన పనులన్నీ వాయిదా వేశాను.

ఫలితాలు వచ్చిన రోజున కాలేజీ వరండాలో ఉండగా తల్లీకూతుళ్ళు గేటు దాటి రావడం కనిపించింది. మార్తమ్మ చేతిలో పేపరు మడత. దూరం నుంచి ముఖాలు తెలియడం లేదు. నడక చూసి పోల్చుకుందామనుకున్నాను, నడక కూడా తెలియలేదు. స్తంభం పట్టుకుని నిలబడ్డాను.

కృపావతి దగ్గరకి వచ్చి, "పాసండి," అంది. అంతే. తరువాత ఏడ్చేసింది.

మార్తమ్మ ఏడవలేదు. చీరకొంగుతో ముఖం తుడుచుకుని నా కళ్ళల్లోకి సూటిగా చూసింది.

"మేడంగారండి, ఒక మాట చెప్పేస్తానండి, కడుపులో దాచుకోలేను. ఇన్నాళ్ళూ మీ మీద చాలా కోపంగా ఉందండి నాకు. మీరు తప్పు చెప్పి నా పిల్ల గొంతు కోశారనుకున్నానండి. ఎదురుపడితే నమస్కారం కూడా పెట్టకూడదనుకున్నాను."

"నాకూ అదే భయం మార్తమ్మా. అందుకే మీ సందు వైపు రావడం మానేశాను."

"ఆయ్! నేనేమో మీరు కనబడితే తప్పుకుపోదామని బజారుకి చుట్టూ తిరిగి వెళ్తున్నానండి!"

ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. ముందు ఆవిడ నవ్వింది. తరువాత నాకు ఆగలేదు. ఏప్రిల్ నుంచి బిగబట్టుకున్నదంతా ఒక్కసారిగా బయటికి వచ్చింది. కృపావతి ఏడుపు ఆపి, మా ఇద్దరికీ ఏమైందా అని చూసి, తనూ నవ్వడం మొదలుపెట్టింది. స్తంభానికి ఆనుకుని కళ్ళ నీళ్ళు తుడుచుకుంటుంటే అటెండరు వచ్చాడు.

"మేడంగారండి, కొంచెం మెల్లగా అండి. లోపల క్లాసులో పిల్లలు కూర్చుని ఉన్నారండి."

"అయ్యో, ఎవరి క్లాసయ్యా?" అన్నాను.

"తమరిదేనండి," అన్నాడు.